70 శాతం పూడికకు మాత్రలు, 40 శాతానికి స్టెంటా?

పేరు బయట పెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆమెకు 52 ఏళ్లు, భర్తకు 58. ఏడాదిగా ఆయనకు మెట్లెక్కినా, గబగబా నడిచినా ఛాతీ మధ్యలో బిగపట్టినట్టు ఉంటోంది. మొదటి అంతస్తు దాకా ఏమీ ఉండదు, రెండో అంతస్తుకు చేరేసరికి పట్టుకుంటుంది. నిలబడిపోతే మూడు నాలుగు నిమిషాల్లో తగ్గిపోతుంది. ఏడాదిగా ఇదే వరస, పెరగలేదు, తగ్గలేదు. యాంజియోగ్రామ్‌లో కుడి రక్తనాళంలో 70 శాతం పూడిక ఉందని తేలింది. ఎడమ ప్రధాన నాళం బాగుంది, గుండె పంపింగ్ బాగుంది, షుగర్ లేదు. డాక్టరు మాత్రలు రాసి "ముందు వీటితో చూద్దాం" అన్నారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే మరిదికి నొప్పి వచ్చింది. ఆయనకు 46 ఏళ్లు, సిగరెట్ల అలవాటు ఉంది. రెండు వారాలుగా కాస్త పని చేసినా గుండెల్లో మంట, బరువు. ఓ రాత్రి మంచం మీద పడుకుని ఉండగానే 20 నిమిషాలపాటు నొప్పి, ఒళ్లంతా చెమట. ఆసుపత్రిలో ఈసీజీలో మార్పులు కనిపించాయి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ మాత్రం పెరగలేదు. యాంజియోగ్రామ్‌లో కనబడిన పూడిక 40 శాతమే. అయినా నాళంలోకి తీగలాంటి కెమెరా పంపి చూసి, అప్పటికప్పుడు స్టెంట్ వేశారు.

ఇక ఇంట్లో గొడవ మొదలైంది. "తక్కువున్నవాడికి వేసి, ఎక్కువున్నవాణ్ని మాత్రలిచ్చి పంపేస్తారా" అని అత్తగారు. "అన్నయ్యా, నువ్వూ వేయించేసుకో" అని మరిది. కొడుకు రిపోర్టులోని 70 చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి తండ్రిని ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ వెంటనే స్టెంట్ వేసేద్దామన్నారు. భర్త భయపడిపోయి మెట్లెక్కడం, నడకకు వెళ్లడం మానేశారు. కొలెస్ట్రాల్ నార్మల్‌కు వచ్చిందని అంతకుముందే స్టాటిన్ మాత్ర ఆపేశారు. మొన్నటి పరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 118 ఉంది.

ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "నాకూ అప్పుడప్పుడు తెల్లవారుజామున గుండెల్లో పట్టేసినట్టుండి మెలకువ వస్తుంది. కాసేపటికి సర్దుకుంటుంది. సీటీ యాంజియో చేయిస్తే నాళాలు బాగున్నాయి, గ్యాస్ అయ్యుంటుందన్నారు. నా సంగతి వదిలేయండి. మావారికి స్టెంట్ వేయించాలా వద్దా, ఏదో ఒకటి చెప్పండి."

జవాబు:

అమ్మా, మీవారిని చూడకుండా, ఆయన యాంజియోగ్రామ్ చూడకుండా వేయించండి అనో వద్దనో చెప్పేస్తే అది సలహా అవదు. కానీ మీ ఇంట్లో గొడవకు మూలం ఎక్కడుందో చెప్పగలను. అది తేలితే మీరిద్దరూ డాక్టరు ముందు కూర్చుని నిర్ణయం తీసుకోవడం ఇంత కష్టం కాదు.

70, 40 అనే ఆ రెండు అంకెలనూ మీరంతా జబ్బు తీవ్రతకు కొలతలుగా చూస్తున్నారు. అవి చెప్పేది ఒక్కటే. నాళంలో రక్తం పారే దారి ఆ ఒక్కచోట ఎంత సన్నబడిందో చెబుతాయి, అంతే. యాంజియోగ్రామ్‌లో మనం చూసేది నాళాన్ని కాదు, నాళంలో పారుతున్న రంగు మందును. నాళం గోడ అందులో కనిపించదు. ఈ జబ్బంతా ఉండేది ఆ గోడలోనే.

పూడిక అనగానే కొవ్వు నాళం లోపలి వైపు అంటుకుని పేరుకుంటుందని చాలామంది అనుకుంటారు. అసలు జరిగేది వేరు. నాళానికి లోపల ఉండే సన్నటి పొరను దాటి ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ గోడలోకి చొరబడుతుంది. దాన్ని మింగడానికి తెల్ల రక్తకణాలు వచ్చి, మింగి ఉబ్బి, అక్కడే చచ్చిపోతాయి. ఏళ్లు గడిచేకొద్దీ గోడలో ఒక మెత్తటి ముద్ద తయారవుతుంది. శరీరం దాని మీద పీచులాంటి పొర కప్పి మూసేయాలని చూస్తుంది. మొదట్లో ఈ ముద్ద ఎంత పెరిగినా దారి ఇరుకవదు, ఎందుకంటే నాళం బయటివైపుకు ఉబ్బి చోటు చేసుకుంటుంది. గ్లాగోవ్, ఆయన సహచరులు 1987లో ఈ సంగతి చూపించారు. గోడ లోపలి వైశాల్యంలో 40 శాతం దాకా పూడిక ఆక్రమించాకే దారి సన్నబడడం మొదలవుతుందని వాళ్లు గమనించారు. అంటే యాంజియోగ్రామ్‌లో చక్కగా కనబడే చోట కూడా గోడలో బోలెడు సరుకు ఉండొచ్చు. మీ మరిది రిపోర్టులోని 40 వేరే కొలత, దారి ఎంత సన్నబడిందో చెప్పేది; దాన్ని ఈ దృష్టితో మళ్లీ చూడండి.

పైగా పూడికలన్నీ ఒక్క రకం కావు. కొన్ని అరచేతిలో కాయ కాసిన చర్మంలా గట్టిపడిపోయి ఉంటాయి. అడ్డం పడతాయి, ఇబ్బంది పెడతాయి, కానీ అంత సులువుగా పగలవు. కొన్ని సెగగడ్డల్లాంటివి. పైకి చిన్నగానే ఉంటాయి, లోపలంతా మెత్తన, పైన పలుచటి పొర, ఎప్పుడు పగులుతాయో తెలియదు.

మీవారి నొప్పి తీరు మొదటి రకం పూడికను సూచిస్తోంది. దీన్ని స్థిరమైన యాంజైనా అంటాం. 1768లో విలియం హెబర్డెన్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ నొప్పిని వర్ణిస్తూ, నడిచేటప్పుడు, అందులోనూ ఎత్తు ఎక్కేటప్పుడు పట్టుకుంటుందనీ, ఆగగానే పోతుందనీ చెప్పాడు. ఇప్పటికీ మేం రోగిని అడిగే మొదటి ప్రశ్న అదే. ఇలాంటివాళ్లలో నొప్పికి కారణమైన పూడికను పరీక్షిస్తే సాధారణంగా పైన మందమైన పీచుపొర, లోపల చిన్న కొవ్వు ముద్ద, చాలాచోట్ల కాల్షియం పేరుకుని ఉంటాయి. దారి ఇరుకే, కానీ లోపలి పొర చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి అక్కడ రక్తం గడ్డకట్టదు. కూర్చున్నప్పుడు గుండెకు కావలసిన రక్తం ఆ ఇరుకు దారిలోంచి కూడా సరిపడా వెళ్తుంది. మెట్లెక్కేటప్పుడు గుండె రెండింతలు మూడింతలు అడుగుతుంది, అప్పుడు చాలదు. రోజూ అదే రెండో అంతస్తులో నొప్పి వస్తోందంటే ఆ ఇరుకు మారకుండా అలాగే ఉందన్నమాట. మీరు ఉత్తరంలో రాసిన వివరాలన్నిట్లోకీ నాకు ధైర్యం కలిగించినది ఇదే.

మీ మరిదిది అలా కాదు. ఆయనకు ముందు కొద్దిపాటి పనికి, తర్వాత ఏ పనీ లేకుండానే నొప్పి వచ్చింది, ఎక్కువసేపు ఉంది. ఇది అస్థిరమైన యాంజైనా. ఇక్కడ సమస్య దారి ఇరుకవడం కాదు, పూడిక గాయపడడం. ఇలాంటి పూడికలో కొవ్వు ముద్ద పెద్దగా ఉంటుంది, దాని చుట్టూ వాపు కణాలు చేరి పైపొరలోని పీచును కరిగించేస్తుంటాయి. ఆ పొర 65 మైక్రాన్ల కంటే పలుచబడితే ప్రమాదకరమైనదిగా లెక్కిస్తాం. ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం అది. ఎక్కడో ఒకచోట అది చిట్లుతుంది. లోపలి సరుకు రక్తానికి తగలగానే ప్లేట్‌లెట్లు గుంపుగా వచ్చి అతుక్కుంటాయి, గడ్డ కడుతుంది. ఆ గడ్డ కాస్త పెరుగుతుంది, కాస్త కరుగుతుంది, మళ్లీ పెరుగుతుంది. అందుకే నొప్పి వచ్చి పోతూ, రోజురోజుకూ ముదురుతుంది. గడ్డ నాళాన్ని పూర్తిగా మూసేసి అలాగే ఉండిపోతే గుండెపోటు. మీ మరిదికి ట్రోపోనిన్ పెరగలేదంటే గుండె కండరం ఇంకా చచ్చిపోలేదు, అంచు దాకా వెళ్లి ఆగారు.

ఒక్కోసారి పొర చిట్లకుండానే గడ్డ కడుతుంది. పైన ఉండే సన్నటి కణాల వరస ఒరుసుకుపోయి, అక్కడ రక్తం పేరుకుంటుంది. సిగరెట్ తాగేవాళ్లలో, వయసు తక్కువ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో ఈ రకం ఎక్కువగా చూస్తాం. మరికొందరిలో, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లలో, కాల్షియం ముడి ఒకటి గోడను పొడుచుకుని లోపలికి వస్తుంది. ఈ మూడింటిలో ఏదో మామూలు యాంజియోగ్రామ్ తేల్చలేదు. మీ మరిదికి వాడిన ఆ తీగ కెమెరా కాంతితో గోడను చూస్తుంది, 10, 15 మైక్రాన్లంత సన్నటి వివరం కూడా పట్టుకుంటుంది. చిట్లిన చోటు, దాని మీద గడ్డ అందులో కనబడి ఉంటాయి. వాళ్లు స్టెంట్ వేసింది 40 శాతానికి కాదమ్మా, ఆ చిట్లిన చోటుకు. మీ అత్తగారికి ఈ ఒక్క ముక్క విడమరచి చెప్పండి. పెద్దవాడికి అన్యాయం జరగలేదు. ఇద్దరివీ వేర్వేరు ఇబ్బందులు.

ఇది చదివి మీరు తిరగేసి లెక్క వేసుకోవద్దు, "అయితే 70 శాతమే నయం" అని. గుండెపోటు వచ్చినవాళ్ల పాత యాంజియోగ్రాములు తీసి చూసిన పరిశోధనలు 1980ల చివర్లో వచ్చాయి. పోటు తెచ్చిన చోట చాలామందికి అంతకుముందు ఉన్న పూడిక 50 శాతం కంటే తక్కువేనని అవి చూపించాయి. దానికి ఒక కారణం, చిన్న పూడికలు మనిషిలో చాలా ఎక్కువ సంఖ్యలో ఉండడం. విడివిడిగా చూస్తే పెద్ద పూడికకూ ప్రమాదం ఉంది. మీవారి కుడి నాళంలోని ఆ గట్టి పూడిక ఒక్కటే ఆయన జబ్బు కాదు. ఒకచోట గట్టిపడినవాళ్లకు ఇంకోచోట మెత్తటివి కూడా ఉంటాయి. ఇక్కడే నేను మీతో గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ 70 కాదు. స్టాటిన్ ఆపేశారన్న వాక్యం. కొలెస్ట్రాల్ నార్మల్‌కు వచ్చింది ఆ మాత్ర వేసుకున్నందుకే. ఆపగానే 118కి వచ్చింది చూడండి. మామూలు మనిషికి నార్మల్ అని ల్యాబ్ కాగితం మీద అచ్చేసే అంకె మీవారికి వర్తించదు. గుండె నాళాల్లో పూడిక ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 55 కంటే కిందికి దించాలని 2019 నాటి యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్టాటిన్ చేసే పని రక్తంలో అంకె తగ్గించడంతో అయిపోదు. నాళాల లోపల కెమెరాతో ముందూ తర్వాతా చూసిన పరిశోధనల్లో ఈ మందులతో కొవ్వు ముద్ద తగ్గి, పైన పీచుపొర మందమైనట్టు కనబడింది. ఇంతకుముందు చెప్పిన ఆ పలుచటి పొరను మందంగా మార్చే పని స్టెంట్‌కు చేతకాదు. స్టెంట్ ఒక చోట ఉంటుంది, మాత్ర నాళాలన్నిటికీ వెళ్తుంది. దాన్ని మళ్లీ మొదలుపెట్టే విషయం రేపే డాక్టరుతో మాట్లాడండి. ఒళ్లు నొప్పులు వచ్చి ఆపి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పండి. మోతాదు మార్చొచ్చు, వేరే స్టాటిన్ ఇవ్వొచ్చు, కొలెస్ట్రాల్ తగ్గించే ఇంకో మందు ఎజెటిమైబ్ కలపొచ్చు, అదీ చాలకపోతే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆపడం ఒక్కటే దారి కాదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మీవారి ముందు నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, మొదటి డాక్టరు చెప్పినట్టు మందులతో కొనసాగడం. ఇది ఏమీ చేయకపోవడం కాదు. 2007లో వెలువడిన కరేజ్ పరిశోధనలో 2,287 మంది స్థిర యాంజైనా రోగులున్నారు. 2020 నాటి ఇస్కీమియా పరిశోధనలో 37 దేశాలకు చెందిన 5,179 మంది ఉన్నారు. రెండిట్లోనూ మందులతో పాటు స్టెంట్ గానీ, రెండోదాంట్లో బైపాస్ గానీ ముందే చేసినవాళ్లకూ, మంచి మందులతో మొదలుపెట్టినవాళ్లకూ మరణాల్లో, గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కాకపోతే ఎడమ ప్రధాన నాళంలో పెద్ద పూడిక ఉన్నవాళ్లను, పంపింగ్ బాగా పడిపోయినవాళ్లను ఇస్కీమియాలో చేర్చుకోలేదు. మీవారికి ఆ రెండూ లేవని మీరే రాశారు కాబట్టి ఆ ఫలితాన్ని ఆయనకు అన్వయించుకోవచ్చు. ఈ దారిలో చిక్కు ఏమిటంటే, మందులు నిజంగా వేసుకోవాలి. మీవారు ఇప్పటిదాకా సగమే ప్రయత్నించారు. నొప్పికి రాసిన మాత్రల మోతాదు చాలకపోతే పెంచవచ్చు, ఇంకోటి కలపవచ్చు. కొన్ని వారాలు పూర్తిగా వాడకముందే "మాత్రలు పనిచేయలేదు" అనుకోవడం తొందరపాటు.

రెండోది, స్టెంట్ వేయించుకోవడం. రెండో ఆసుపత్రివాళ్లు చెప్పింది తప్పని నేను అనను. దేనికోసం వేయించుకుంటున్నారో మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి, అంతే. రెండో అంతస్తు నొప్పి లేకుండా ఎక్కాలనుకుంటే స్టెంట్ మంచి సాధనం. 2023లో వచ్చిన ఆర్బిటా-2 పరిశోధనలో 301 మందికి నొప్పి మందులు ఆపేసి, సగం మందికి స్టెంట్ వేశారు, సగం మందికి వేసినట్టు నటించారు. ఎవరికి ఏం జరిగిందో రోగులకు తెలియదు. నిజంగా వేసినవాళ్లకు నొప్పి తగ్గింది, కానీ అందరికీ పూర్తిగా పోలేదు. ఆయుష్షు పెరుగుతుందనో, ఇక గుండెపోటు రాదనో ఆశపడి వేయించుకుంటే మాత్రం ఇలాంటి పూడికలో ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. తర్వాత మామూలుగా ఆరు నెలలదాకా రెండు రకాల రక్తం పలుచబరిచే మాత్రలు తప్పవు, రక్తస్రావం ముప్పు కొంత ఉంటుంది, కొద్దిమందికి ఆ చోటే మళ్లీ సన్నబడుతుంది. ఇవన్నీ తెలుసుకున్నాక కూడా "నాకు ఈ నొప్పితో బతకడం ఇష్టం లేదు" అని ఆయన అంటే అది న్యాయమైన కారణమే. మందులు సరిగ్గా వాడినా నొప్పి జీవితాన్ని కట్టిపడేస్తుంటే నేను కూడా అటే మొగ్గుతాను.

మూడోది ఈ రెంటికీ మధ్య. ఆ 70 శాతం నిజంగా రక్తప్రవాహాన్ని ఎంత అడ్డుకుంటోందో కొలవడం. నాళంలోకి ఒత్తిడిని కొలిచే తీగ పంపి పూడికకు ముందూ వెనకా ఒత్తిడిని పోలుస్తారు. ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే ఆ నిష్పత్తి 0.80 లేదా తక్కువ వస్తే అడ్డు లెక్కలోకి తీసుకోవాల్సిందే. అంతకంటే ఎక్కువ వస్తే, కంటికి 70 అనిపించినా ఆ చోట స్టెంట్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. యాంజియోగ్రామ్ మీద కంటితో అంచనా వేసిన శాతం ఒక డాక్టరుకూ ఇంకో డాక్టరుకూ మారుతుందని మర్చిపోవద్దు. మీ అబ్బాయి ఎర్ర గీత గీసిన అంకె అలాంటి అంచనాయే. అయితే దీనికి చేతిలోంచో తొడలోంచో మళ్లీ గొట్టం పంపాలి. కాబట్టి స్టెంట్ వైపు మొగ్గినప్పుడు, వేయడానికి ముందు అదే సమయంలో కొలవమని అడగడం తెలివైన పద్ధతి. రెండో ఆసుపత్రిలో "కొలిచి వేస్తారా, కంటితో చూసి వేస్తారా" అని అడగండి. జవాబు బట్టి మీకు కొంత అర్థమవుతుంది.

మరి మెత్తటి పూడికలన్నీ వెతికి ముందే స్టెంట్లు వేసేయొచ్చు కదా అని మీ అబ్బాయి అడుగుతాడు. 2011లో వచ్చిన ప్రాస్పెక్ట్ పరిశోధనలో, మీ మరిది లాంటి 697 మందికి నాళాల లోపల అల్ట్రాసౌండ్‌తో చూశారు. పలుచటి పొర, గోడలో ఎక్కువ సరుకు, ఇరుకైన దారి, మూడూ ఒకేచోట కలిసిన పూడికల్లో కూడా మూడేళ్లలో ఇబ్బంది తెచ్చినవి 18 శాతమే. మిగతావి ఊరికే ఉండిపోయాయి. 2024లో ప్రివెంట్ అనే పరిశోధన 1,606 మందిలో ఇలా ముందుగా స్టెంట్ వేసి చూసి మంచి ఫలితం చెప్పింది గానీ, అది ఇంకా రోజువారీ వైద్యం కాలేదు.

ఇదే ప్రాస్పెక్ట్ పరిశోధన మీ మరిదికి కూడా వర్తిస్తుంది. స్టెంట్ వేయించుకున్న ఆ రోగుల్లో తర్వాత వచ్చిన ఇబ్బందుల్లో దాదాపు సగం, స్టెంట్ వేయని వేరే చోట్ల నుంచి వచ్చాయి. ఆ చోట్లలో మొదట కనబడిన పూడిక సగటున 32 శాతం. "నాకు వేసేశారు, ఇక గొడవ లేదు" అనుకుంటున్న మనిషి ఆయన. ఇంట్లో అందరికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైంది ఆయనకే. రెండు రకాల రక్తం పలుచబరిచే మాత్రలు, డాక్టరు తగ్గించమంటే తప్ప, ఏడాదిపాటు ఒక్కరోజు కూడా ఆపకూడదు. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా తనంతట తాను ఆపకుండా గుండె డాక్టరును అడగాలి. సిగరెట్ సంగతి ఆయన భార్య చేత కాదు, అన్నగారి చేతే చెప్పించండి. పూడికను చిట్లించే వాపుకూ, ప్లేట్‌లెట్లు అంటుకోవడానికీ పొగ నేరుగా దోహదం చేస్తుంది.

మీవారు నడక మానేయడం నాకు బాధగా ఉంది. నొప్పి రాకుండా ఉండడానికి కుర్చీలో కూర్చోవడం వైద్యం కాదు. స్థిర యాంజైనా ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా నడక పెంచుకుంటే అదే మెట్టు దగ్గర నొప్పి ఆలస్యంగా రావడం మొదలవుతుంది. ముందు పది నిమిషాలు మెల్లగా, తర్వాత కాస్త వేగంగా, నొప్పి ఛాయ కనబడగానే ఆగడం. మొదటి కొన్నాళ్లు మీరు పక్కన నడవండి. ఆయనకు కావలసింది అదే కావచ్చు.

నాలుక కింద పెట్టుకునే మాత్ర ఆయన జేబులో ఉందా? లేకపోతే రాయించుకోండి. నొప్పి వస్తే కూర్చుని ఒకటి పెట్టుకోవాలి, నిలబడి కాదు, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే, లేదా పెరుగుతుంటే, అంబులెన్స్ పిలవాలి. మగతనం కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు వేసుకున్నవాళ్లు ఇది వాడకూడదు. ఇలాంటివి భార్య ముందు చెప్పుకోరు కాబట్టి డాక్టరును ఆయన్ని ఒంటరిగా అడగమనండి. ఇక నొప్పి వరస మారిందా, అంటే మొదటి అంతస్తుకే వస్తోందా, రోజుకు ఎక్కువసార్లు వస్తోందా, ఊరికే కూర్చున్నా వస్తోందా, అప్పుడు నేను పైన రాసిన మూడు దారులూ రద్దు. మీ మరిదికి జరిగిందే ఆయనకూ జరుగుతోందని అనుకుని ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మీ సంగతి. వదిలేయమన్నారు, వదలను.

తెల్లవారుజామున, ఏ శ్రమా లేకుండా, నిద్రలోంచి లేపే గుండె పట్టు కొందరిలో నాళం బిగుసుకుపోవడం వల్ల వస్తుంది. ప్రింజ్‌మెటల్ 1959లో వివరించిన యాంజైనా ఇది. శ్రమకు రాదు, విశ్రాంతిలో వస్తుంది, అర్ధరాత్రి నుంచి ఉదయం దాకా ఎక్కువ. పూడిక కొద్దిగానే ఉన్నచోట, ఒక్కోసారి కంటికి ఏమీ కనబడని చోట కూడా గోడలోని కండరం ఒక్కసారిగా ముడుచుకుని దారి మూసుకుపోతుంది, కాసేపటికి వదిలేస్తుంది. ఆ సమయం దాటాక తీసిన ఈసీజీ మామూలుగా ఉంటుంది, సీటీలో నాళం బాగానే కనిపిస్తుంది. ఇంకో రకం ఉంది, వెంట్రుకంత సన్నటి నాళాలు సరిగ్గా వ్యాకోచించకపోవడం. సీటీ యాంజియోకు అంత చిన్న నాళాలు కనబడనే కనబడవు. ఇది ఆడవాళ్లలో ఎక్కువ, గ్యాస్ అనో టెన్షన్ అనో వాళ్లను పంపేయడం కూడా ఎక్కువే. మీది నిజంగా ఆమ్లం పైకి తన్నడమే కావచ్చు, అదీ తెల్లవారుజామున మెలకువ తెస్తుంది. కానీ పరీక్షించి తేల్చాలి.

ముందు మీ సీటీ రిపోర్టు బయటికి తీయండి. పూడికే లేదని రాశారా, ప్రమాదకరమైన అడ్డు లేదని రాశారా చూడండి. రెండూ ఒకటి కావు. రెండోదైతే గోడలో పూడిక ఉందన్నమాట, మెత్తటిదా గట్టిదా సీటీ కొంతవరకు చెప్పగలదు, మీకూ స్టాటిన్ అవసరమేమో మాట్లాడాలి. తర్వాత నొప్పి వచ్చిన తేదీ, సమయం, ఎన్ని నిమిషాలుందో రాసి పెట్టుకోండి. ఒకటి రెండు రోజులు ఒంటికి తగిలించుకునే ఈసీజీ పరికరంతో నొప్పి సమయంలో మార్పు దొరికితే సమస్య సగం తేలినట్టే. దొరకకపోతే రెండు దారులున్నాయి. నాళాలు బిగుసుకోకుండా చూసే కాల్షియం చానల్ బ్లాకర్ మందు ఇచ్చి గుణం కనబడుతుందేమో చూడడం తేలికైనది, కానీ నిర్ధారణ అనుమానంగానే ఉండిపోతుంది. అనుభవమున్న కేంద్రంలో యాంజియోగ్రామ్ చేస్తూ మందుతో నాళాన్ని బిగిసేలా చేసి చూడడం, చిన్న నాళాల పనితీరు కొలవడం రెండోది. దానికి కొద్దిపాటి ముప్పు ఉంది, బదులుగా పేరు ఖాయంగా తెలుస్తుంది, మందు దానికి తగ్గట్టు మారుతుంది. నొప్పి అరుదుగా వస్తుంటే నేను మొదటిదానితో మొదలుపెడతాను, తరచుగా వస్తుంటే, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే రెండోదానికి ఆలస్యం చేయను.

అప్పటిదాకా ఒక జాగ్రత్త. నొప్పి వచ్చినప్పుడు మీవారి మాత్రల పెట్టెలోంచి ఏదీ తీసి వేసుకోకండి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు ఆయన నొప్పికి మేలు చేస్తాయి. నాళం బిగుసుకునే జబ్బు ఉన్నవాళ్లలో వాటిలో కొన్ని ఆ బిగువును పెంచుతాయి. మీ నొప్పి పది పదిహేను నిమిషాలు దాటినా, చెమటలు పట్టినా మీవారి గురించి చెప్పినట్టే అంబులెన్స్ పిలవాలి. మీవారికి డాక్టరు దగ్గర సమయం తీసుకుంటున్నప్పుడు, మీ పేరున కూడా వేరుగా ఇంకోటి తీసుకోండి, ఆయన ఫైలుతో పాటు చివర్లో ఒక్క మాట అడిగి వచ్చేయకుండా.